ఎస్పీ గారూ, తొమ్మిదింటి వేళ ఆ ఫోన్లు జేబులో పెట్టించండి

విజయనగరం జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

నెల్లిమర్ల వైపు నుంచి రోజూ బండి మీద విజయనగరం వచ్చి ఉద్యోగం చేసుకునేవాణ్ణి. ఫోన్లో మొహం చూపిస్తేనే మాకు హాజరు పడుతుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానంటే ఆ యాప్ వినదు. నేను అడగబోయేది ఒక్కటే. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి పది వరకు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు మీ ట్రాఫిక్ సిబ్బందిని చలాన్ల ఫోటోల పని నుంచి తప్పించి, జంక్షన్ మధ్యలో నిలబెట్టండి.

నేను రోజూ చూసే ఒక జంక్షన్ సంగతి చెప్తాను. పేరు రాయను. రాస్తే మెమో అందుకునేది కింది ఉద్యోగే. టీ కొట్టు పక్కన, కరెంటు స్తంభం నీడలో ఒక కానిస్టేబుల్ ఫోను పట్టుకుని నిలబడి ఉంటాడు. దాటిపోయిన బళ్ల నంబరు ప్లేట్ల మీదే ఆయన చూపు. ఆయనకు నాలుగడుగుల్లో, ఎడమ పక్కకు తిరగాల్సిన దారికి అడ్డంగా షేర్ ఆటోలు వరసకట్టి ఉంటాయి. మలుపు తిరగలేక పల్లెవెలుగు బస్సు ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగిపోతుంది. దాని వెనక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు, ఆ వెనక స్కూలు ఆటో. ఆటో పక్కన బ్యాగులు వేలాడుతుంటాయి, లోపల పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు. పైన సిగ్నల్లో పసుపు లైటు ఒక్కటే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూసి ఆగేవాడూ లేడు, కదిలేవాడూ లేడు.

ఒకరోజు ఉండబట్టలేక ఆ కానిస్టేబుల్‌నే అడిగాను, కాస్త ఆ ఆటోల్ని జరపొచ్చు కదా అని. "ఏటి సెయ్యమంటారు సార్, నాకిచ్చిన డ్యూటీ ఇది" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఈ ఉత్తరం ఆయన మీద ఫిర్యాదు కాదు, ఆ డ్యూటీ వేసేవారికి విన్నపం.

హెల్మెట్ జరిమానా వద్దని నేననను. నేను పెట్టుకుంటాను, మా ఆవిడ చేతా పెట్టిస్తాను. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలన్నారు, సరే. అదే చట్టంలో 201వ సెక్షన్ కూడా ఉంది. రాకపోకలకు అడ్డంగా బండి నిలిపినవాడికి 500 రూపాయల దాకా వేయొచ్చని దాని సారాంశం. బట్టల షాపు ముందు రోడ్డు మీదే కారు వదిలేసి లోపల చీరలు విప్పించుకుంటున్న పెద్దమనిషికి ఆ సెక్షన్ కింద చలానా రాయడం నేనైతే ఇంతవరకు చూడలేదు. హెల్మెట్ లేనివాడి తల వాడిది. అడ్డంగా పెట్టిన కారు వల్ల వెనక అంబులెన్స్ ఆగుతుంది.

రోడ్లు ఇరుకు, ఏం చేస్తాం అంటారు. ఇరుకే, కాదనను. 1713లో కోట కట్టిన నాటి ఊరు ఇది. 1888లో మున్సిపాలిటీ అయింది, 2019లో కార్పొరేషన్ అయింది. 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. గజపతినగరం నుంచి, చీపురుపల్లి నుంచి, ఎస్.కోట నుంచి ఆఫీసు పనికో ఆసుపత్రికో వచ్చేవాళ్లంతా ఇక్కడికే రావాలి. గంటస్తంభం చుట్టూ బజారు వీధులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటిని వెడల్పు చేయడం మీ చేతిలో లేదు. కానీ సరుకుల వ్యాన్లు ఎనిమిది లోపే దించుకుని వెళ్లిపోవాలని చెప్పడం మీ చేతిలో ఉంది.

అసలు మీవాళ్లకు చేతకాదని ఎలా అనుకుంటాం? దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, మూడులాంతర్ల దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. అదే ఇరుకు ఊళ్లో, లక్షల జనం మధ్య. బళ్లు ఎక్కడ ఆపాలో, బస్సులు ఎటు మళ్లాలో ముందే చెప్తారు, తాళ్లు కడతారు, ఎండలో నిలబడి నడిపిస్తారు. ఆ ఒక్క మంగళవారం చూపించే తెలివిలో పావలా వంతు మామూలు మంగళవారాలకు దాచిపెట్టమనే అడుగుతున్నాను.

ఆటోవాళ్లనీ తిట్టి లాభం లేదు. "బేరం దొరికే కాడ ఆపకపోతే పొట్టెలా గడుస్తాది బావూ" అంటాడు నేను ఎక్కే ఆటో అతను, వానరోజుల్లో. నిజమే కదా! మలుపు దాటాక కొంత దూరంలో వాళ్లకంటూ చోటు గీసివ్వాలి. ఆ గీత గీయాల్సింది కార్పొరేషన్, దాని మీద నిలబెట్టాల్సింది మీరు. ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి, ఆటో యూనియన్లను కూడా పిలవండి. లేకపోతే గీత ఒకచోట, ఆటోలు ఇంకోచోట ఉంటాయి.

ఇంకో జంక్షన్‌లో ఒక హోంగార్డు ఉన్నాడు. జుట్టు నెరిసింది, ఈల తాడు రంగు వెలిసిపోయింది. ఆయన ఎప్పుడూ పక్కన నిలబడడు. మధ్యలోకొచ్చి ఒక చేయి ఇటు అడ్డం పెట్టి, రెండో చేత్తో బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసి "పోనీ, పోనీ" అంటాడు. ఆటోవాళ్లను పేరు పెట్టి పిలుస్తాడు: "ఒరే అప్పన్నా, తియ్యరా బండి, నీకు మళ్లీ సెప్పాలేటి?" అప్పన్న నవ్వుకుంటూ తీసేస్తాడు. చలానా లేదు, ఫోటో లేదు. ఆయనున్న రోజు ఆ జంక్షన్ దాటడం ఎవరికీ గుర్తుండదు, అంత మామూలుగా దాటేస్తాం. మంత్రిగారెవరో వస్తున్నారని బందోబస్తుకు ఆయన్ని పట్టుకెళ్లిన రోజు మాత్రం రైల్వే స్టేషన్‌కు వెళ్లేవాళ్లు సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుని నడిచిపోతారు.

ఈ ఉత్తరం చదివి ఆయనెవరో వెతికించి శాలువా కప్పొద్దండీ. మంచివాడు కదా అని ఇంకా పెద్ద జంక్షన్‌కు మార్చేయనూ వద్దు. బందోబస్తుల నుంచి మినహాయించి అక్కడే ఉంచండి. ఆయన సెలవు పెట్టిన రోజు, ఆ స్తంభం నీడలో ఫోను పట్టుకున్న కుర్ర కానిస్టేబుల్‌ను ఆయన చోటికి పంపండి.

ఇట్లు,
నెల్లిమర్ల రోడ్డు మీద రోజూ వచ్చిపోయే ఒక ఉద్యోగి