ఫెయిర్ ఐల్ వెస్ట్ బుక్ చేసుకున్నవారికి: ఊలు, కాటన్, కత్తెర సంగతులు

ఈ చలికాలానికి చేత్తో అల్లిన ఫెయిర్ ఐల్ వెస్ట్ (రంగుల డిజైన్ పట్టీలున్న చేతుల్లేని స్వెట్టర్) బుక్ చేసుకున్నవారికీ, సొంతంగా అల్లుకుందామని కిట్ తీసుకున్నవారికీ ఈ కబురు.

ముందు ఆలస్యం సంగతి. మూరిట్, అంటే అద్దకం వేయని గోధుమరంగు షెట్లాండ్ ఊలు, కొత్త లాటులో కాస్త ముదురుగా వచ్చింది. అది గొర్రె ఒంటి రంగు కాబట్టి ప్రతి లాటూ ఒకేలా ఉండదు. పాత లాటుతో మొదలైన వెస్ట్‌ను దీనితో పూర్తి చేస్తే సరిగ్గా ఛాతీ మీద అడ్డచార కనిపిస్తుంది. అందుకని మూరిట్ నేలరంగుగా (డిజైన్ వెనక పరుచుకునే రంగుగా) ఉన్న వెస్ట్‌లు మొత్తం కొత్త లాటుతోనే అల్లుతున్నాం. అవి సంక్రాంతి దాటాకే అందుతాయి, ధర మాత్రం పాతదే. మిగతా రంగులవి అనుకున్న సమయానికే వస్తాయి. కిట్ వాళ్ళకు ఇంకో ఉండ కావాలంటే లేబుల్ మీది లాటు నంబరు పంపండి. అది మా దగ్గర అయిపోయి ఉంటే కొత్త లాటును డిజైన్ పట్టీ మధ్యలో కలపకండి. నేలరంగు మారే చోటు నుంచి మొదలుపెడితే తేడా తెలియదు.

మెషిన్ మీద అల్లినవి ఇంత తక్కువకు దొరుకుతుంటే ఇది ఎందుకింత అని చాలామంది అడుగుతున్నారు. లెక్క చూడండి. ఛాతీ చుట్టూ 111 సెం.మీ. వచ్చే వెస్ట్‌కు ఒక చుట్టులో 312 కుట్లు. చేయి తిరిగినవారు నిమిషానికి 25 కుట్లు వేసినా ఒక చుట్టుకు పన్నెండు నిమిషాలు దాటుతుంది. చంక దాకా 115 చుట్లు, అంటే అక్కడికే దాదాపు 24 గంటల పని. భుజాలు, మెడ, అంచులు, పోగులు లోపలికి దాచడం ఆ తర్వాత. ఊలు 25 గ్రాముల ఉండలు పది పన్నెండు పడతాయి గానీ, ధరలో పెద్ద వాటా అల్లికదే.

ఇక కాటన్‌తో అల్లి ఇమ్మని అడిగేవారి మాట. హైదరాబాదు చలికి ఊలు ఎక్కువవుతుందనేది నిజమే, మేమూ కాదనం. ఫెయిర్ ఐల్ అనేది స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల మధ్య చలిగాలుల్లో ఉన్న చిన్న దీవి, అక్కడి అవసరానికి పుట్టిన అల్లిక ఇది. వరసకు రెండే రంగులు. వాడని రంగు పోగు వెనక సాగుతూ పోతుంది కాబట్టి బట్ట రెండు పొరలంత మందం అవుతుంది. అదే కాటన్‌తో అల్లితే బరువెక్కి కిందికి సాగుతుంది, వెచ్చదనమూ అంతంతే. అసలు చిక్కు కత్తెర దగ్గర వస్తుంది.

వెస్ట్‌ను చంకల దగ్గర ఆపకుండా భుజాల దాకా గొట్టంలాగే అల్లుతాం, ఎప్పుడూ ముందువైపే కనిపిస్తుంది కాబట్టి డిజైన్ తప్పదు. చంక కుట్లు కొన్ని విడి దారం మీద పక్కన పెట్టి, వాటి చోట 8 కుట్లు కొత్తగా ఎక్కించి, రెండు రంగులూ ఒకటి విడిచి ఒకటి వేసుకుంటూ పైకి పోతాం. దీన్నే స్టీక్ అంటారు. చివర్లో ఆ ఎనిమిదిలో నాలుగో కుట్టుకూ ఐదో కుట్టుకూ మధ్య నిలువునా కత్తిరిస్తే చేయి దూర్చే చోటు తెరుచుకుంటుంది. షెట్లాండ్ ఊలు పీచుకు పొలుసులు, ముడతలు ఉండటం వల్ల పక్క పోగును పట్టుకుంటుంది, కత్తిరించినా ఊడదు. సూపర్‌వాష్ ఊలుకు, అంటే మెషిన్‌లో ఉతకడానికి వీలుగా చేసినదానికి, ఆ పొలుసులే తీసేసి పూత వేస్తారు. కోసిన అంచు దగ్గర అది నూనె రాసిన జడలా జారుతుంది, కాటనూ అంతే. మెషిన్ కుట్టు వేసి ఆపవచ్చు గానీ, అంచు అట్టలా బిగుసుకుంటుంది. అందుకే ఆ రెండింటిలో ఈ వెస్ట్ మేము చేయం.

కిట్ వాళ్ళు పంపిన ఫొటోల్లో ఎక్కువగా కనబడే సమస్య, బట్ట ముడుచుకుపోవడం. కారణం ఎప్పుడూ వెనక పోగే. రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను వేలితో వెడల్పుగా పరిచి, ఆ తర్వాతే కొత్త పోగు లాగండి. ఐదు కుట్లకు మించి పోగు సాగాల్సి వస్తే మధ్యలో ఒకసారి వెనక తగిలించండి, కానీ పై వరసలో అదే చోట కాదు. వరుసగా అక్కడే తగిలిస్తే ముందువైపు గీత పడుతుంది. రెండోది, పువ్వు ఒకచోట కొట్టొచ్చినట్టు, మరోచోట వెలిసినట్టు కనిపించడం. వెనక కింది నుంచి వచ్చే పోగు కుట్టు పెద్దగా పడి ముందుకు తేలుతుంది. డిజైన్ రంగును మొదటి నుంచి చివరి దాకా ఆ కింది స్థానంలోనే ఉంచాలి. టీ తాగి వచ్చి కూర్చున్నప్పుడే ఇది తారుమారవుతుంది, ఒక్కసారి చూసుకోండి. కత్తిరించేటప్పుడు ముందు వెనకల మధ్య అట్టముక్క పెట్టండి. చిన్న కత్తెర చాలు, పదును ముఖ్యం.

నమూనా ముక్కను కూడా గుండ్రంగానే అల్లి, తడిపి ఆరబెట్టాకే కొలవండి. ముందుకూ వెనక్కూ తిప్పుతూ అల్లితే పర్ల్ (ఉల్టా కుట్ల) వరసల బిగువు వేరుగా ఉంటుంది, కొలత మోసం చేస్తుంది.

సైజుల మాట. డిజైన్ 24 కుట్లకు ఒకసారి తిరిగి మొదలవుతుంది. 10 సెం.మీ.కు 28 కుట్ల చొప్పున 288 కుట్లకు 103 సెం.మీ., 312కు 111. మధ్యలో కావాలంటే కుట్లు తగ్గించలేం, డిజైన్ అతకదు. సన్న సూదితో 29 కుట్లు పడేలా బిగిస్తే 312కు 107 దాటి వస్తుంది. అలా కావాలనుకునేవారు ఇప్పుడే చెప్పండి, అల్లిక మొదలయ్యాక మార్చడం కుదరదు. ఒంటి కొలత కాకుండా, మీకు బాగా కుదిరిన స్వెట్టర్‌ను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి పంపండి.