మగ్గం మీది బల్బుకు రంగు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

ఎల్ఈడీ బల్బులతో కరెంటు ఆదా గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. మా ఉరవకొండలో దాన్ని కాదనేవాళ్లెవరూ లేరు. మగ్గం మీద వేలాడే 60 వాట్ల బల్బు రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు దాదాపు 11 యూనిట్లు కాలేది. అంతే వెలుతురిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి రెండు యూనిట్లు కూడా పట్టవు. ఎండాకాలం మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే నడినెత్తిన ఆ పాత బల్బు సెగ ఎట్లుండేదో నేసినోళ్లకే ఎరుక. 2014-15లో మన జిల్లాలో పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి 10 రూపాయలకు ఇంటికి రెండు ఎల్ఈడీలు ఇచ్చినప్పుడు మేం మొదట బిగించుకున్నది మగ్గం గదిలోనే.

మా బాధ వేరే ఉంది. పట్టుచీర నేసేవాడికి వెలుతురు చాలినంత మాత్రాన పని జరగదు, రంగు తెలియాలి. ఏ అంగట్లో అడిగినా 6500 కె అని రాసిన తెల్ల బల్బే చేతిలో పెడతారు. చవక రకమైతే దాని కింద మెరూన్‌కూ కాఫీ రంగుకూ తేడా పట్టడం కష్టం. ముదురాకుపచ్చ నల్లగా కనిపిస్తుంది. మా ఇంటామె రాత్రిపూట కండెలు (అడ్డపోగు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టినా, పొద్దున వాకిట్లోకి తెచ్చి చూశాకే నాడెలో, అంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తుతూ పోగు వేసే సాధనంలో పెడతాం. పేకలో, అంటే అడ్డపోగులో, ఒక్క కండె తేడా రంగు పడితే చీరకు అడ్డంగా పట్టీ తేలుతుంది. షావుకారు ఊరుకుంటాడా, కూలి కోస్తాడు.

బల్బు వెలుగు వస్తువు రంగును ఎంతవరకు ఉన్నదున్నట్టు చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అని నూటికి లెక్కేసే ఒక కొలత ఉంది. పాత ఫిలమెంటు బల్బుకు అది దాదాపు 100. (ఆ పసుపు వెలుగులో నీలం రంగులు కాస్త మందగించేవి, అదీ నిజమే.) మామూలు ఎల్ఈడీలకు 80 దరిదాపుల్లో ఉంటుంది. 90 దాటినవీ తయారవుతున్నాయి గానీ మా అంగళ్ల దాకా రావు. డబ్బా మీద వాట్లు పెద్దక్షరాల్లో వేస్తారు, ఈ అంకె ఉంటే చీమ తలకాయంత. నక్షత్రాల లేబుల్ చూసినా వాటుకు ఎంత వెలుతురో తెలుస్తుందే తప్ప రంగు సంగతి తెలియదు.

ఇక మినుకు. బిల్లు లేకుండా అమ్మే నాసిరకం బల్బుల వెలుగు సెకనుకు వందసార్లు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఊరికే చూస్తే కంటికి ఆనదు. కానీ పరుగెత్తే నాడె ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది, కాసేపటికే కళ్లు లాగుతాయి. అంగట్లోనే వెలిగించి సెల్‌ఫోన్ కెమెరాలో చూడండి. నల్లచారలు కదులుతుంటే అక్కడే వెనక్కిచ్చేయండి.

చేనేత పథకాల్లో మగ్గాలకు దీపాలిచ్చే ఏర్పాటు ఉంది. చేనేత, జౌళి శాఖ అధికారులు వాటిని కొనేటప్పుడు టెండరులో వాట్లు రాసి వదిలేయకుండా, సీఆర్ఐ 90కి తగ్గరాదని, మినుకు ఉండరాదని కూడా రాయాలి. సహకార సంఘాలు నూలు, పట్టు తెప్పించినట్టే ఈ బల్బులూ పెట్టెలకొద్దీ తెప్పించవచ్చు. ఉత్తపుణ్యానికి ఇమ్మనడం లేదు, ధర కాస్త ఎక్కువైనా కొనుక్కుంటాం.

— ఒక చేనేత కార్మికుడు, ఉరవకొండ, అనంతపురం జిల్లా