గడప పక్కన చెప్పులు

చిరంజీవి అమ్మలుకి అమ్మ ఆశీస్సులు.

ఇంట్లో చదువుకుంటున్న చిన్నోణ్ణి చూడ్డానికి బుధవారం ఒకావిడను పంపుతామంటూ మీ ఇంగ్లండులో కౌన్సిల్ వాళ్లు, అదే అక్కడి స్థానిక ప్రభుత్వం వాళ్లు, రాసిన ఉత్తరాన్ని అల్లుడుగారు వాట్సాప్‌లో పంపారు. రెండుసార్లు చదివాను. నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు, అందుకే ఇలా రాస్తున్నాను.

చిన్నోణ్ణి బడి మాన్పించి నువ్వు తప్పు చెయ్యలేదు. ఆదివారం పొద్దుగూకితే చాలు, కడుపునొప్పి అని ముడుచుకుని పడుకునేవాడు. మాట తడబడుతుందని తోటి పిల్లలు వెక్కిరిస్తే నోరు విప్పడమే మానేశాడు. అలాంటివాడు మొన్న వీడియో కాల్‌లో దోసెను ఎనిమిది ముక్కలు చేసి, మూడు తినేసి, "అమ్మమ్మా, ఎన్నో వంతు మిగిలింది?" అని నన్నే అడిగాడు. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, పిల్లాడికి చదువు వంటబడుతోందో లేదో నాకు తెలియదా?

అక్కడి చట్టమూ నీకు అండగానే ఉంది. పిల్లల వయసుకీ, శక్తికీ, అవసరాలకీ తగిన చదువు చెప్పించే బాధ్యత తల్లిదండ్రులదేననీ, అది బడిలోనే జరగాలని లేదనీ 1996 విద్యా చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. కౌన్సిల్ మనిషికి మీ ఇంట్లోకి వచ్చే హక్కు లేదన్నదీ నిజమే. పిల్లల్ని ఇంట్లో చదివించుకునే మీ గ్రూపులో వాళ్లు అక్కడిదాకా సరిగ్గానే చెప్పారు. జవాబే ఇవ్వొద్దు, పిల్లాణ్ణి చూపించొద్దు అన్న సలహా మాత్రం నాకు మింగుడుపడలేదు. తగిన చదువు అందని పిల్లలెవరో కనిపెట్టే పని చట్టమే కౌన్సిల్ మీద పెట్టింది. మీరు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే వాడికి చదువు సాగడం లేదనుకుంటారు. అప్పుడు కనీసం పదిహేను రోజుల గడువుతో నోటీసు వస్తుంది, దానికీ సరైన సమాధానం లేకపోతే బడికి పంపమని ఆర్డరు. అంతదూరం ఎందుకు తెచ్చుకోవడం?

కానీ నా బాధ నోటీసు గురించి కాదు.

మీ ఇంగ్లండులోనే వోకింగ్ ఊళ్లో పదేళ్ల పాప సారా షరీఫ్ సంగతి నీకు తెలుసు. 2023 ఏప్రిల్‌లో ఇంట్లోవాళ్లు ఇంట్లోనే చదివిస్తామని బడి మాన్పించారు, ఆగస్టులో చంపేశారు. ఆ పాపం ఇంటి చదువుది కాదు. ఆ కుటుంబం సంగతి పాప పుట్టినప్పటినుంచీ అధికారులకు తెలుసు, అప్పుడే చెయ్యాల్సింది చెయ్యలేదు. అయినా ఒంటిమీద దెబ్బలు చూసి "ఏమైందమ్మా" అని అడిగిన టీచర్లు ఉండేవాళ్లు కదా, బడి మానేశాక అడిగే దిక్కే లేకపోయింది. ఇంటి చదువుల పిల్లల్ని చూసే కౌన్సిల్ మనుషులు తీరా వెళ్లింది పాత అడ్రసుకట!

2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులో, బడికి రాని పిల్లలకు ప్రతి కౌన్సిల్ రిజిస్టరు పెట్టాలని రాశారు. పెట్టాల్సిందే. ఆ శరదృతువు లెక్కలోనే ఇంగ్లండులో ఇంటి చదువుల పిల్లలు 1,11,700 మంది. అయితే రిజిస్టరులో పేరు ఉన్నంత మాత్రాన పిల్ల కనిపించినట్టు కాదు. అది నేను చేతులారా చేసి తెలుసుకున్న సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు.

కర్నూలు జిల్లాలో పనిచేస్తున్నప్పుడు బడిఈడు పిల్లల సర్వేకి ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ఒక ఇంట్లో ఆవిడ తలుపు సగమే తీసి, "పాప వాళ్లవ్వ ఊళ్లో సదువుతాంది టీచరమ్మా" అంది. గడప పక్కన చిన్న చెప్పులు ఉన్నాయి, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టినవి. చూశాను. చూసి కూడా, ఎండ మండిపోతోంది, ఇంకా నలభై ఇళ్లున్నాయి అనుకుని, "వేరే ఊళ్లో చదువుతోంది" అని రాసి సంతకం పెట్టాను. సంక్రాంతికి ముందు పత్తి సీడు తోట గట్టున ఆ చెప్పులే కనిపించాయి. వాటి పక్కన ఆ పిల్ల. తొమ్మిదేళ్లుంటాయేమో. క్రాసింగు పనిలో, అంటే విత్తనం కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అంటించే పనిలో, పొద్దస్తమానం పూలు గిల్లి గిల్లి వేళ్ల కొసలు పగిలిపోయాయి. "ఆ పొద్దు నేను లోపలే ఉంటి టీచర్" అంది.

పాపను పిలవండమ్మా, ఒకసారి చూసి వెళ్తాను అని నేను అడిగి ఉంటే సరిపోయేది.

మీ ఇంటికి వచ్చే ఆవిడకి ఏ తలుపు వెనక ఎవరున్నారో తెలియదు తల్లీ. నీ తలుపూ ఆ ఇంటి తలుపూ ఆవిడకి బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి. నిన్ను అనుమానిస్తోందని అనుకోకు.

ఉత్తరం మాత్రం కటువుగా ఉంది, నేనూ ఒప్పుకుంటాను. చదివితే గుండె దడ వచ్చింది, కాస్త మెత్తగా రాయండి అని నువ్వే వాళ్లకు రాయి. ఇంట్లో ఇబ్బందైతే లైబ్రరీలో కలుద్దామను. చిన్నోడి మాట సంగతి ముందే చెప్పు, వాడు మాట పూర్తిచేసేదాకా ఆగమను, మధ్యలో అందించొద్దను. లెక్కల నోటుబుక్కు, వాడు గీసిన బస్సు రూట్ల మ్యాపులు బల్లమీద పెట్టు. పరీక్ష పెట్టబోతే మర్యాదగా వద్దను. అన్నిటికంటే ముందు, ఎవరొస్తున్నారో ఎందుకొస్తున్నారో వాడికి చెప్పు. నువ్వు వంటింట్లో ఉండగా వాడొక్కడే ఆవిడకి తన మ్యాపులు చూపిస్తానంటే చూపించనీ.

బుధవారం ఆవిడ వెళ్లగానే ఫోన్ చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా పడుకోను. ముందు వాడికివ్వు, తర్వాత నువ్వు మాట్లాడుదువు.

మీ అమ్మ