370 దాటితే శాపమా? లెక్క సరిగ్గా వేయండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆటల పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్‌బ్యాక్‌ల గాయాల మీద వ్యాసం వేశారు. సీజన్‌లో 370 క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తిన సార్లు) దాటినవాడు మరుసటి ఏడు మంచం పట్టడం ఖాయమట, అదొక శాపమట! అమెరికాలోనూ జాతకాల కాలమ్ మొదలైందన్నమాట.

లారీ జాన్సన్ 2006లో 416 క్యారీలు చేసి మరుసటి ఏడు పాదం గాయంతో సగం సీజన్ పోగొట్టుకున్నాడు. 1998లో 410 చేసిన జమాల్ ఆండర్సన్‌కు తర్వాతి సీజన్ రెండో మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. నిజమే. మరి 1983లో 390 చేసిన ఎరిక్ డికర్‌సన్ ఆ మరుసటి ఏడే 379 చేసి, ఒక సీజన్‌లో 2105 గజాలు పరిగెత్తిన రికార్డు కొట్టాడే? 1986లో 404 కూడా చేశాడు. ఆయన పేరు మీ పట్టికలో ఎందుకు లేదు? అయినా 370 క్యారీలు చేశాడంటేనే ఆ ఏడంతా ఏ దెబ్బా తగలకుండా నెట్టుకొచ్చాడని అర్థం. అలాంటి అదృష్టం వరుసగా రెండేళ్లు ఎంతమందికుంటుంది?

క్యారీ ఒక్కటే లెక్కపెట్టడం అసలు తప్పు. 2019లో క్రిస్టియన్ మెకాఫ్రీ అనే రన్నింగ్‌బ్యాక్‌కు క్యారీలు 287. మీ కొలత ప్రకారం క్షేమంగా ఉన్నట్టే. పట్టిన పాసులు 116 కలిపితే బంతి చేతికొచ్చింది 403 సార్లు. మరుసటి ఏడు ఆడింది మూడే మ్యాచ్‌లు. ఇక బ్లిట్జ్‌లో (మూకుమ్మడి దాడిలో) దూసుకొచ్చే ప్రత్యర్థి లైన్‌బ్యాకర్‌కు ఎదురెళ్లి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేటప్పుడు రన్నింగ్‌బ్యాక్ తినే దెబ్బ ఏ స్కోరుపట్టికకూ ఎక్కదు. ఒళ్లు మాత్రం దాన్ని రాసుకుంటుంది.

మొత్తం ఎంతన్నదాని కన్నా ఎంత తొందరగా పెరిగిందన్నది ముఖ్యం. 2021లో డెరిక్ హెన్రీతో టెనసీ జట్టు 8 మ్యాచ్‌ల్లో 219 క్యారీలు చేయించింది. ఆ లెక్కన 17 మ్యాచ్‌లకు 465 అవుతాయి! పాదం బయటి అంచున, చిటికెనవేలి వైపు ఎముక విరిగింది. అక్కడ రక్తప్రసరణ తక్కువ, తనంతట అతుక్కోవడం కష్టం, ఆటగాళ్లకు తరచూ స్క్రూ వేయాల్సి వస్తుంది. పరిగెత్తుతూ చటుక్కున పక్కకు మళ్లే ప్రతి అడుగులోనూ బరువు పడేది ఆ అంచు మీదే.

జాగ్రత్తలు బ్రహ్మవిద్యేం కాదు. ఆదివారం ఆడినవాడికి సోమ, మంగళవారాలు కోలుకోవడానికి వదలాలి. బుధవారం ప్యాడ్‌లు లేకుండా నడిపించాలి. గురువారం మాత్రం కొన్ని పరుగులు దాదాపు పూర్తి వేగంతో పెట్టించాలి. వారమంతా మెల్లగా పరిగెత్తించి ఆదివారం ఒక్కసారి పూర్తి వేగం అడిగితే తొడ వెనక కండరం చిరిగే ప్రమాదముంది. మోకాళ్ల మీద నిలబెట్టి, చీలమండలు ఒకరు పట్టుకోగా మెల్లగా ముందుకు వంగే వ్యాయామం ఆ కండరానికి మంచిది. కొత్తగా మొదలుపెట్టేవాడికి మ్యాచ్ ముందురోజు వద్దు, నొప్పి మిగులుతుంది. గాయం నుంచి తిరిగొచ్చినవాడికి మొదటి వారం సగం స్నాప్‌లు (బంతి కదిలే ఒక్కో ఆట) చాలు. మ్యాచ్‌లో మోకాలు ఎత్తడం తగ్గి, ఛాతీ నిటారుగా లేస్తోందంటే అలిసిపోయినట్టు. దెబ్బ నేరుగా పక్కటెముకలకో మోకాలికో తగిలేది అప్పుడే. 24 పాయింట్ల ఆధిక్యంలో ఉండి నాలుగో క్వార్టర్‌లోనూ అతన్నే పరిగెత్తించే కోచ్‌ను ఏమనాలి?

చేసేవాళ్లు చేస్తున్నారు. డెట్రాయిట్ జట్టు 2023లో క్యారీలను ఇద్దరికి, మాంట్‌గోమరీకి 219, గిబ్స్‌కు 182గా పంచింది. 2024 సీజన్‌లో రన్నింగ్‌బ్యాక్ బార్క్‌లీకి డికర్‌సన్ రికార్డు దాటడానికి 101 గజాలే కావాల్సి ఉండగా ఫిలడెల్ఫియా కోచ్ సిరియాని చివరి లీగ్ మ్యాచ్‌లో అతన్ని ఆడించకుండా కూర్చోబెట్టాడు. అభిమానులు గొణిగారు. ప్లేఆఫ్స్‌లో బార్క్‌లీ 499 గజాలు పరిగెత్తాడు, జట్టు సూపర్‌బౌల్ గెలిచింది.

లీగ్ పెద్దల సంగతీ రాయాల్సింది. ఆటగాళ్ల భద్రతే ముఖ్యమంటూనే 2021లో 16 మ్యాచ్‌లను 17 చేశారు, 18 చేయాలని ఉవ్విళ్లూరుతున్నారు. ఒక్కోసారి ఆదివారం చితికిన ఒంటితోనే గురువారం మళ్లీ దిగాలి. పచ్చగడ్డి మీద కాలు మెలిపడితే పెళ్ల లేచి కాలు విడిపోతుంది. కృత్రిమ టర్ఫ్ బూటును వదలదు, ఆ మెలికంతా మోకాలికే. గడ్డి కావాలని ఆటగాళ్ల సంఘం ఏళ్లుగా మొత్తుకుంటోంది, కుదరదంటారు. 2026 సాకర్ ప్రపంచకప్‌కు గడ్డే ఉండాలని ఫిఫా షరతు పెట్టగానే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆడే మెట్‌లైఫ్ వంటి స్టేడియాల్లో గడ్డి ఎలా మొలిచిందో! చుట్టాలకు పరమాన్నం, ఇంటివాళ్లకు గంజి.

ఇదంతా మనకెందుకంటారేమో. టెక్సాస్‌లో మన తెలుగువాళ్ల పిల్లలూ స్కూలు జట్లలో ఆడుతున్నారు. అక్కడ సీజన్‌లో పూర్తి స్థాయి ఢీకొట్టే ప్రాక్టీసు వారానికి 90 నిమిషాలు మించకూడదన్న నియమముంది. ఆ 90 నిమిషాలు ఎవరు లెక్కపెడుతున్నారో తల్లిదండ్రులు కోచ్‌ను అడగాలి. క్యారీలు, పట్టిన పాసులు, ఆడిన స్నాప్‌లు వారం వారం పక్కపక్కన రాసిన పట్టిక కూడా చూపించమనాలి. మీరూ వచ్చే వ్యాసంలో అలాంటి పట్టిక వేయండి, శాపాల జోలికి పోకుండా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సాస్