రామ్‌గఢ్ ఇసుకలో నాకు నీళ్లు పోసిన అమ్మకు

నిన్న రాత్రి బెంగళూరు చేరాను. కాళ్ల బొబ్బలు ఇంకా మానలేదు. సెలైన్ సూది గుచ్చిన చోట చెయ్యి నల్లగా కమిలి ఉంది. కాస్త కోలుకున్నాక రాద్దువులే అని మా ఆయన అంటున్నారు గానీ, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మారతహళ్లి నుంచి ఐదుగురం, అందరం తెలుగువాళ్లమే, జైసల్మేర్ అవతల రామ్‌గఢ్ వైపు థార్ ఎడారిలో మూడు రోజుల నడకకి వెళ్లాం. రెండో రోజు 24 కిలోమీటర్లు. బెంగళూరు చుట్టుపక్కల కొండలు స్కందగిరి, సావనదుర్గ ఎక్కి అలవాటైన కాళ్లే. పైగా అనంతపురం ఎండలో పెరిగినదాన్ని. కానీ ఇసుకలో వేసిన అడుగు సగం వెనక్కే జారుతుంది. ఆ పొడి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లోంచి నీళ్లు పోతున్న సంగతి కూడా తెలియదు.

తలా మూడు లీటర్లు మోసుకెళ్లాం. మధ్యాహ్నానికి జీపులో నీళ్లు వస్తాయన్నారు. ఒంటిగంట దాటినా జీపు లేదు. గైడ్ సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కాడు. నాకు పిక్కలు పట్టేశాయి, వాంతి అయింది, అంత ఎండలో చలి పుట్టి ఒళ్లంతా గగుర్పొడిచింది. మా ఐదుగురిలో ఒకడైన వైట్‌ఫీల్డ్ తమ్ముడు తన సీసాలో అడుగున మిగిలింది నా నోట్లో పోసి, నన్ను ఒక చెట్టు కింద పడుకోబెట్టాడు. అక్కడ ఖేజ్రీ అంటారు, మన జమ్మి చెట్టే. దసరాకి మొక్కే చెట్టు. దాని సన్నటి ఆకుల్లోంచి ఆకాశం చూస్తూ మా పాప గుర్తొచ్చి భయమేసింది.

అప్పుడు వచ్చింది ఆమె, మేకల్ని తోలుకుంటూ. అరవై ఐదు పైనే ఉంటాయి. చేతిలో గోనెపట్టా చుట్టి కుట్టిన ప్లాస్టిక్ క్యాన్. దానికి మూత లేదు, గుడ్డ ఉండ కుక్కి ఉంది. నన్ను చూసి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ గుడ్డే తీసి తడిపి నా మెడ మీద, చంకల్లో పెట్టింది. కొంగు ముడి విప్పి ఉప్పు గల్లు తీసి నా నాలుక మీద ఉంచింది. తర్వాత నీళ్లు. గబగబా తాగబోతే చెయ్యి అడ్డం పెట్టి, గుక్క గుక్కకీ ఆపి తాగించింది. మాటలు మార్వాడీలో, నాకొచ్చింది అరకొర హిందీ. అర్థమైంది "బేటీ" ఒక్కటే. చెట్టు నీడ పలచగా ఉందని ఎండ పడే వైపు తాను కూర్చుని, తల మీది ఓఢ్నీ (ముసుగు గుడ్డ) చాపి గంటసేపు నాకు నీడ పట్టింది. ఆ గంటలో ఆమె ఒక్క చుక్క తాగలేదు.

నేను లేచి కూర్చున్నాక ఖాళీ క్యాన్ తీసుకుని, మేకల్ని వచ్చిన దారినే మళ్లించింది. మేపు ఇంకా ముందుకి ఉంది, ఎందుకు వెనక్కి పోతోందని గైడ్‌ని అడిగాను. నీళ్ల కోసమన్నాడు. అవి బేరీ నీళ్లట. అక్కడ ఇసుక అడుగున జిప్సం పొర ఉంటుంది, వాన నీరు కిందికి దిగిపోకుండా తడిగా ఆగుతుంది, ఆ తడి చుక్కలు చుక్కలుగా సన్నటి బావిలోకి ఊరుతుంది. రాత్రంతా ఊరితే పొద్దుటికి కొన్ని బిందెలు. ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట అలా ఊరిన నీళ్లు ఆమె నా మెడ మీద పోసింది! అది విన్నాక ఏడుపు ఆగలేదు. 2024 వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ దగ్గర బకెట్ కోసం పక్కింటావిడతో గొడవపడ్డాను నేను.

ఆమె పేరు అడగలేదు. ఆ ధ్యాసే రాలేదు.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ నడక ఏర్పాటు చేసినవాళ్లు డబ్బంతా ముందే కట్టించుకున్నారు. మాకు రావాల్సిన జీపుని వేరే టూరిస్టుల కోసం పంపేశారట. సాయంత్రం దారిలో కనబడ్డ ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం. గోడ మీద నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. మాకంటే ఎలాగో ఇంకో బండి దొరికి జైసల్మేర్ చేరాం. నొప్పులు వస్తున్న ఆడమనిషి ఆ తాళం ముందు నిలబడితే ఎవరు దిక్కు? ఇది ఎవర్ని అడగాలి?

మా ఆయన సెలవు పెట్టారు, అత్తయ్య పాపని చూసుకున్నారు. వాళ్లకి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. నాతో నడిచిన నలుగురికీ, మీరు లేకపోతే నేను లేను.

ఈ డిసెంబర్‌లో ఆ వైపు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మూత గట్టిగా పట్టే మంచి క్యాన్ ఒకటి పంపాలి. గైడ్‌ని అడిగితే ఆమె ఉండే ఢాణీ, అంటే చిన్న పల్లె, చూపిస్తాడు.

అయ్యో, ఇంకొందరికి కృతజ్ఞత చెప్పడం మర్చిపోయాను. జైసల్మేర్‌లో మూసేసిన షాపు మళ్లీ తెరిచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చిన మందుల షాపాయన. జోధ్‌పూర్ రైల్లో కింది బెర్త్ వదిలేసిన కొత్త దంపతులు. ఇంకా, ఎయిర్‌పోర్ట్ నుంచి వాయువజ్ర బస్సులో నా నడక చూసి, బ్యాగు తానే దింపి, ఆటో ఎక్కించేదాకా బస్సు ఆపిన కండక్టర్ అన్నకి కూడా.