అందరి పుట్టినరోజూ జనవరి 1 కాదు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి మానవశాస్త్రంలో పీజీ పూర్తి చేసి రెండేళ్ళు దాటింది. ఇంటికి వచ్చిన ప్రతివారూ ఏం చదివిందని అడుగుతారు. ఆంత్రోపాలజీ అనగానే ‘దానికి ఏ ఉద్యోగం వస్తుంది?’ అంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పిన నాకూ మొదట్లో జవాబు తెలియలేదు. 2025 మే నెలలో శ్రీకాళహస్తి దగ్గర ఒక యానాది గిరిజనుల కాలనీలో ఒక పూట గడిపాక తెలిసింది.

పిల్లలకు ధ్రువపత్రాలు ఇప్పించాలని ఒక స్వచ్ఛంద సంస్థ వారు వివరాలు రాసిపెట్టమంటే మా అమ్మాయి వెళ్ళింది. ఎండలో ఒక్కతే ఎందుకని నేనూ వెంట వెళ్ళాను. అంతకుముందు ఎవరో రాసిపోయిన దరఖాస్తులు ఒక సంచిలో ఉన్నాయి. వాటిలో పదకొండు మంది పిల్లలకు పుట్టినరోజు ఒక్కటే, జనవరి 1. సంవత్సరం ఆ మనిషికి తోచింది వేశాడు. తండ్రి వృత్తి అన్నచోట అందరికీ ‘కూలి’.

మా అమ్మాయి ఆ కాగితాలు పక్కన పెట్టి చింతచెట్టు కింద ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని ఒక్కరినీ అడగలేదు. కాళహస్తిలో గాలిగోపురం కూలినప్పుడు వీడు ఎంత ఉన్నాడని ఒక తల్లిని అడిగింది. అప్పటికే నడుస్తున్నాడని ఆమె అంది. పక్కింటావిడ ఒప్పుకోలేదు. ‘నడక ఎక్కడిది? గోపురం చూడటానికి పోయినప్పుడు వాణ్ణి చంకనేసుకున్నది నేనే కదా, గడప పట్టుకుని నిలబడటం అప్పుడే నేర్చాడు’ అంది. గోపురం కూలింది 2010 మే 26న. వాళ్ళిద్దరూ వాదించుకుని, చివరికి వినాయక చవితికి కాస్త ముందు పుట్టాడని తేల్చారు. దరఖాస్తులో పన్నెండేళ్ళని ఉన్న ఆ పిల్లవాడికి పదహారు నిండబోతున్నాయి. పసిపిల్లల వయసులకు 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన రోజులు గుర్తుగా పనికొచ్చాయి.

తర్వాత ‘కూలి’ సంగతి బయటపడింది. ఒకాయన వరికోతలయ్యాక పొలాల్లో ఎలుకలు పట్టి, బొరియల్లో అవి దాచుకున్న వడ్లు తవ్వి తెచ్చుకుంటాడు. ఇంకొకాయన ఒక మామిడితోటలో కాపలా. ఎప్పుడో తీసుకున్న అడ్వాన్సు తీరలేదని కుటుంబమంతా ఆ తోట దాటి వెళ్ళలేకపోతోంది. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం సరిగ్గా ఇలాంటి వాళ్ళ కోసమే ఉంది. ‘కూలి’ అన్న మాట కింద ఆ సంగతే కనబడకుండా పోయింది. ఆ కుటుంబం గురించి మా అమ్మాయి విడిగా నాలుగు పేజీలు రాసి సంస్థ వారికి ఇచ్చింది.

అది ఈ చదువు నేర్పిన పని. కాలనీలో ఉండటం, తొందర లేకుండా వినడం, వంశవృక్షం గీసుకుని ఒకరి మాటను ఇంకొకరి మాటతో సరిచూసుకోవడం. రెండేళ్ళ పీజీలో దానికి తర్ఫీదు ఇస్తారు. అదే నెలలో గిరిజన కుటుంబాల సర్వేకు మనుషులు కావాలని ఒక కార్యాలయం ప్రకటన ఇస్తే మా అమ్మాయి దరఖాస్తు చేసింది. ‘సంబంధిత సబ్జెక్టు కాదు’ అని తిప్పి పంపారు. అర్హతల్లో సోషియాలజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది, ఆంత్రోపాలజీ లేదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. నా బాధ ఇదే, సంపాదకులు గారూ. పని కళ్ళముందే ఉంది, చేయగలిగినవాళ్ళు ఇంట్లో ఉన్నారు, మధ్యలో ప్రకటన రాసేవారి జాబితాలో ఒక మాట లేదు.

ఈ పట్టా ఉన్నవారికి కేంద్రంలో చోటు లేకపోలేదు. 1945లో ఏర్పడిన భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థకు కోల్‌కతాలో ప్రధాన కార్యాలయం, మైసూరులో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. భోపాల్‌లో మానవ సంగ్రహాలయం ఉంది. కానీ పోస్టులు కొన్నే, పోటీ దేశమంతటా. సివిల్స్‌లో 500 మార్కుల ఆప్షనల్‌గా దీన్ని ఇంజనీర్లూ డాక్టర్లూ ఏరికోరి తీసుకుంటారు. ఐఏఎస్ కావడానికి పనికొచ్చే సబ్జెక్టు కాలనీ సర్వేకు పనికిరాదనడం నాకు మింగుడుపడటం లేదు.

భూసేకరణ సంగతి చూడండి. 2013 చట్టం ప్రకారం భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ మదింపు జరగాలి. ఆ నివేదికను పరిశీలించే నిపుణుల బృందంలో ప్రభుత్వోద్యోగులు కాని సామాజిక శాస్త్రవేత్తలు ఇద్దరు ఉండాలి. మన రాష్ట్రం కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపులు తెచ్చుకున్నమాట నిజమే. మిగిలిన చోట్లయినా ఊరు ఊరంతా తిరిగి, పట్టా లేకుండా ఆ భూమి మీదే బతికేవారిని కూడా లెక్కలోకి తెచ్చే మనిషి కావాలి కదా. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు సికిల్ సెల్‌ను నిర్మూలించడానికి 2023లో మొదలైన మిషన్‌కూ గిరిజన గూడేల్లో నమ్మకం సంపాదించగలవారు కావాలి. రక్తహీనత, జన్యు లక్షణాలు ఆంత్రోపాలజీ విద్యార్థులు తరగతిలో చదువుకున్నవే.

ఇక మన గంగమ్మ జాతర. విదేశీ విశ్వవిద్యాలయాల వారు తిరుపతి వచ్చి, నెలల తరబడి ఉండి దాని మీద పుస్తకాలు రాశారు. మొదట కట్టే బైరాగి వేషం నుంచి చివరిరోజు తెల్లవారుజామున అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికే దాకా ఏ ఘట్టం ఏ కుటుంబం చేతిలో ఉందో మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మానవశాస్త్ర విద్యార్థులతో ఏటా రాయించి, చిత్రీకరించి భద్రపరిస్తే ఎంత బాగుంటుంది! వేషం కట్టే పెద్దలు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.

గిరిజన సంక్షేమం, భూసేకరణ, ఆరోగ్యం, మ్యూజియంల శాఖల వారికి నా విన్నపం ఒక్కటే. ఇకపై వచ్చే ప్రకటనల్లో సోషియాలజీ, సోషల్ వర్క్ పక్కన ఆంత్రోపాలజీ అని చేర్చండి. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. విద్యార్థులు కూడా గణాంకాలు, కంప్యూటర్‌లో పటాలు గీయడం చదువుతోపాటే నేర్చుకోవాలి. మా అమ్మాయి ఇప్పుడు ఆ రెండూ నేర్చుకుంటోంది. సంస్థ వారు ఆమెను వచ్చే నెల సూళ్ళూరుపేట వైపు ఇంకో మూడు కాలనీలకు రమ్మన్నారు, బస్సు ఖర్చులు మాత్రం ఇస్తారట.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి.