ఒక్క అంకె చూసి పసిబిడ్డ మెదడు మీద తీర్పు చెప్పొద్దు

సంపాదకులకు నమస్కారం.

నెలలు బాగా తక్కువగా పుట్టిన పిల్లల రక్తంలో మెదడు ఎదుగుదలకు తోడ్పడే ప్రోటీన్లు ఎంతున్నాయో కొలిస్తే, రేపు వాళ్లకు చదువు వస్తుందో రాదో తెలిసిపోతుందన్నట్టు మీ పేపర్లో వార్త వచ్చింది. ఆ సాయంత్రమే నాకు తెలిసినామె ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆమె బాబు పుట్టి ఇరవై రోజులు. ఇంకా ఎన్‌ఐసీయూలోనే, అంటే పసిపిల్లల ఐసీయూలోనే ఉన్నాడు. "అక్కా, నువ్వు ల్యాబ్‌లోనే కదా చేసేది, మావాడికి ఆ టెస్టు చేయించి పెట్టవా" అంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా కూతురు 27వ వారంలో 940 గ్రాముల బరువుతో పుట్టింది. అంత బిడ్డ ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు. చిన్న టీ కప్పంత. రోజూ ఎందరి శాంపిళ్లో తీసే నేను, దాని మడమ గుచ్చుతుంటే చూడలేక గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. అలాంటి పిల్లల దగ్గర అవసరం లేని టెస్టుకు ఒక్క చుక్క తీసినా నేను ఒప్పుకోను.

ఈ ప్రోటీన్లలో ఎక్కువగా వినిపించేది బీడీఎన్‌ఎఫ్. 1982లో దీన్ని పంది మెదడు నుంచి వేరు చేశారు. రక్తంలో మాత్రం ఇది చాలావరకు ప్లేట్‌లెట్లలో దాగి ఉంటుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు అవి దాన్ని బయటికి వదులుతాయి. అందుకే గడ్డకట్టాక తీసిన సీరంలో అంకె చాలా ఎక్కువ వస్తుంది, గడ్డకట్టనివ్వకుండా తీసిన ప్లాస్మాలో తక్కువ వస్తుంది. అదే బిడ్డ, అదే సూది పోటు, రెండు వేరు వేరు అంకెలు. రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టేముందు ట్యూబు ఎంతసేపు బల్ల మీద ఉందన్నదానితో కూడా ఫలితం మారుతుంది. పైగా ఇంత ముందుగా పుట్టిన పిల్లల్లో ప్లేట్‌లెట్లు తరచూ తగ్గిపోతుంటాయి. దాతల ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆ పెద్దవాళ్ల బీడీఎన్‌ఎఫ్ కూడా వాటితో వస్తుంది. ఇవేవీ మీ వార్తలో లేవు.

ఐజీఎఫ్-1 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. పుట్టగానే మాయ నుంచి వచ్చే సాయం ఆగిపోయి, ఈ పిల్లల్లో అది పడిపోతుంది. తక్కువున్న వాళ్లలో కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కువని పరిశోధకులు గమనించారు. సరే, బయటి నుంచి ఇస్తే? ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితాలు 2019లో వచ్చాయి, రెటీనా జబ్బు తగ్గలేదు. తక్కువుండటం వేరు, దానివల్లే నష్టం జరగడం వేరు.

ఈ పరిశోధనలు వద్దని నేననను. వందల మంది పిల్లల రక్తాన్ని కొలిచి, ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తేనే రేపు మందులు వస్తాయి. కానీ వందల మంది సగటు వేరు, ఇంక్యుబేటర్‌లో పడుకున్న ఒక్క బిడ్డ వేరు. మా పాప పుట్టిన పదో రోజున ఒక డాక్టరు ఏదో రిపోర్టు తిరగేస్తూ "పెద్దగా ఆశలు పెట్టుకోకండి" అన్నారు. ఆ టెన్షన్‌కు నాకు నాలుగు రోజులు పాలు సరిగ్గా రాలేదు. ఆ బిడ్డకు అప్పుడు కావలసింది ఆ పాలే. ఇప్పుడు దానికి ఆరేళ్లు. లెక్కలు నెమ్మదిగా చేస్తుంది, కబుర్లు మాత్రం ఆపదు.

ఫోన్ చేసిన ఆమెకు ఆ టెస్టు చేయించనని చెప్పేశాను. రెటీనా పరీక్ష ఏ రోజో రాయించుకోమన్నాను, నెల తిరక్కముందే అది జరగాలి. ఇంటికి పంపేముందు వినికిడి పరీక్ష అయిందో లేదో అడగమన్నాను. డాక్టరు సరేనంటే బాబును గుండెకు ఆనించుకుని కంగారూ కేర్ ఇవ్వమన్నాను. కూర్చోవడం, పాకడం ఎప్పుడని చూసేటప్పుడు పుట్టినరోజు నుంచి కాదు, డాక్టరు ఇచ్చిన డ్యూ డేట్ నుంచి లెక్కేసుకోమన్నాను.

ఇలాంటి వార్త మళ్లీ వేసేటప్పుడు ఎంతమంది పిల్లల్ని చూశారు, పుట్టిన ఎన్నో రోజున రక్తం తీశారు, సీరంలో కొలిచారా ప్లాస్మాలోనా అన్నవి రెండు లైన్లలో రాయండి. ఆ కింద రెటీనా పరీక్ష గడువు కూడా వేయండి. ఎన్‌ఐసీయూ బయట బెంచీల మీద కూర్చున్న తల్లులు మీ పేపరు చదువుతున్నారు.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్